మార్పు లేదు

"ఇవాళ చీటీ వద్దులేవే, అన్నీ గుర్తున్నాయి" అంటూ ఆయన తాళంచెవి తీసి చూపించి, కళ్ళజోడు సర్దుకుని బయల్దేరాడు. "మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గర కలుద్దాం. పుస్తకం మర్చిపోకు."

ఆవిడ చేతిలో చీటీ అలాగే ఉండిపోయింది. మర్చిపోవద్దని తనకే చెప్తున్నాడు!

ఆయన కళ్ళజోళ్ళు తయారుచేస్తాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, తన జోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. అందుకే పదహారేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆవిడ చీటీ రాసి ఆయన జేబులో పెట్టేది. తాళం, ఫోను, ఎవరి జోడు ఎప్పటికి ఇవ్వాలి, అన్నీ. తిట్టేది, వెతికిపెట్టేది, మళ్ళీ తిట్టేది. కాపురం హాయిగానే సాగింది.

రెండు నెలల క్రితం ఒకే రోజు ముగ్గురికి కుడి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ బిగించి ఇచ్చాడు. భయపడి డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ఇది చిన్నప్పటి నుంచీ ఉన్న ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని లోపం అని తేల్చింది. "ఏ రోజుకారోజు పనిచేసే మందులున్నాయి, కొన్ని వారాలకి గానీ గుణం కనిపించనివీ ఉన్నాయి. మీ బీపీ చూస్తే ముందు రెండో రకమే ఇద్దామనిపిస్తోంది" అంది. ఎలా ఉంటున్నాడో రోజూ ఇంట్లోవాళ్ళు పుస్తకంలో రాయాలంది. ఇంట్లో రాసే చెయ్యి ఇంకెవరిది?

నాలుగో వారానికి ఆయన మారాడు. మొదలెట్టిన పని ముగిస్తున్నాడు, మాట మధ్యలో లేచిపోవడం లేదు. షాపుకొచ్చినవాళ్ళు మెచ్చుకుంటుంటే ఆవిడకి ఒళ్ళు మండింది. పదహారేళ్ళు తను అరిగిపోయినా రాని పేరు గోరంత మాత్రకి నెలలో వచ్చేసింది. ఆ మందు డబ్బా కనపడితే సవతి కనపడినట్టే ఉండేది. పుస్తకంలో మాత్రం రోజూ రెండే మాటలు రాసింది, మార్పు లేదు అని.

మధ్యాహ్నం డాక్టరమ్మ ఆ పుస్తకం తిరగేసి నిట్టూర్చింది. "ఆరు వారాలైనా ఏమీ లేదా? అయితే ఇది ఆపి మొదటి రకం చూద్దాం. దాంతో బీపీ కొంత పెరగొచ్చు, తరచూ చూపించుకోవాలి."

"నాకు బాగుందనిపించిందండీ" అన్నాడాయన మెల్లగా. "కానీ మా ఆవిడ రాసిందంటే అదే నిజమై ఉంటుంది. నా బుర్రని నమ్ముకుని నేనెప్పుడు బాగుపడ్డాను? మార్చేయండి."

ఆవిడ చప్పున పుస్తకం మీద చెయ్యి వేసింది. "మార్చొద్దు డాక్టరుగారూ! అన్నీ అబద్ధాలే రాశాను. ఈయన బంగారంలా ఉన్నారు."

"అబద్ధాలా? ఎందుకే?"

"కుళ్ళు! ఇంకేముంది? అన్నీ ఆ మాత్రే చూసుకుంటే ఇక నేనెందుకు మీకు?" తన కళ్ళజోడు తీసి ఒళ్ళో పడేసుకుని, చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆయన ముఖం ఎర్రబడింది. "వారం క్రితం ఆ పుస్తకం చదివాను. అప్పట్నుంచీ నిద్ర లేదు నాకు. బాగయ్యాననుకోవడం కూడా నా పొరపాటేనేమోనని."

ఆ మాటకి ఆవిడ తల ఎత్తలేకపోయింది. డాక్టరమ్మ పుస్తకం, పెన్ను ఆవిడ ముందుకు జరిపింది. ఆవిడ రాసింది. 'నాలుగో వారం నుంచి ఈయన బాగున్నారు. నేనే బాగా లేను.' డాక్టరమ్మ చదివి, అదే మందు కొనసాగించమని చీటీ రాసిచ్చింది. "ఈసారి మీ గురించీ మాట్లాడుకుందాం, రండమ్మా" అంది.

ఆవిడ గబగబా బయటికి నడిచింది. మెట్ల దగ్గర వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఆగవే! జోడు కింద పడేసుకున్నావు, సంచీ కుర్చీలోనే వదిలేశావు."

ఇన్నేళ్ళలో తను మర్చిపోవడం, ఆయన తెచ్చివ్వడం ఇదే మొదలు. ఆయన చొక్కా అంచుతో అద్దాల మీది కన్నీటి మరకలు తుడిచి, జోడు ఆవిడ ముక్కు మీద సరిగ్గా పెట్టాడు.

"చీటీ ఇంక రాయనులెండి" అందావిడ.

"పనుల చీటీ వద్దన్నాను గానీ, జేబు ఖాళీగా పంపమన్నానా?" అన్నాడు. ఆవిడ ఏడుస్తూనే నవ్వి, సంచీ ఆయన చేతికే ఇచ్చి మెట్లు దిగింది.