లెన్స్‌లోకి చూడని తమ్ముడు

మెట్లు... ఇంకా మెట్లు...

మూడో అంతస్తు!

ఊపిరి అందడం లేదు. మెడలో కెమెరా గుండెకేసి ఠపా ఠపా కొట్టుకుంటోంది. దానికి తగిలించిన లెన్స్ మూరెడు పొడుగు, ఇటుకరాయంత బరువు. అయినా వదల్లేదు.

ఇవాళ తమ్ముడి ప్రాణం అందులోనే ఉంది!

బయట చీకటి పడుతోంది. టైం లేదు.

వీధంతా ఆమెని జూమక్క అంటారు. చిన్న స్టూడియో ఉంది. ఆ టెలిఫోటో జూమ్ లెన్స్ నిజానికి అడవిలో పులుల్ని తీసేవాళ్లకి. ఈవిడేమో దాంతో మేడ మీద బట్టలారేసే ఆవిణ్ణి, బస్టాపులో కునికే ముసలాయన్ని, గోడ మీద పిల్లిని తీస్తుంది. "పక్కింటోణ్ణి తియ్యాలన్నా పక్క వీధికి పోతుందిరా మన జూమక్క!" అని వెక్కిరిస్తారు.

వెక్కిరించనీ! కెమెరా పట్టుకుని దగ్గరికెళ్తే మనుషులు కర్రల్లా బిగుసుకుపోతారు. దూరంగా ఉంటేనే వాళ్లలా వాళ్లుంటారు.

తమ్ముడు మాత్రం ఎప్పుడూ సణుగుతాడు. "ఎక్కడో నక్కి తీస్తే నేనెటు చూడాలే అక్కా?"

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా లెన్స్‌లోకి చూడలేదు వెధవ.

తలుపు తోసింది!

ఐస్ ఫ్యాక్టరీ డాబా. కుర్చీలో పెద్దాయన. ఐస్ దిమ్మల కింద దొంగ తుపాకులు దాచి ఊళ్లు దాటించే పెద్దాయన. తమ్ముడు ఆయన వ్యాన్ డ్రైవరు.

రివాల్వర్ లేచింది!

"బాబాయ్! నేను! తమ్ముణ్ణి ఏం చెయ్యొద్దు!"

"వాడు పోలీసోళ్ల మనిషి అమ్మాయ్." పెద్దాయన గొంతు చల్లగా ఉంది. "నీ ఫోటోనే చెప్పింది."

ఔను. ఆమె ఫోటోనే.

ప్రతి ఆదివారం స్టూడియో అద్దంలో ఒక ఫోటో పెడుతుంది. 'ఈ వారం మన వీధి.' మొన్న పెట్టింది తమ్ముడి నవ్వు. అమ్మ పోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి. ఫోన్లో ఏదో చూసుకుని పగలబడి నవ్వుతున్నాడు. ఓవర్‌బ్రిడ్జి మీద నుంచి క్లిక్‌మనిపించింది. ఆ నవ్వు చూసి ఒళ్లు మరిచిపోయింది. వెనక ఎవరున్నారో పట్టించుకోలేదు.

వెనక... ఇన్‌స్పెక్టర్!

తమ్ముడి భుజం పక్కనే మొహం. ఆయనా నవ్వుతున్నాడు. ఇద్దరూ ఒకే జోకుకి నవ్వుతున్నట్టు!

"అది లెన్స్ మాయ బాబాయ్! ఇంత లెన్స్‌తో దూరం నుంచి తీస్తే ముందోళ్లూ వెనకోళ్లూ అతుక్కుపోయినట్టు పడతారు. వాళ్ల మధ్య ఇరవై అంగల దూరముంది! ఆయన జ్యూసు బండోడితో నవ్వుతున్నాడు. వీడు ఆయన్ని చూడను కూడా లేదు!"

"కథలు చెప్పకు."

"జూమ్ వెనక్కి లాగి ఇంకోటి తీశాను. అందులో కాళ్లు కూడా పడ్డాయి. వీడు పూలబండి దగ్గర. ఆయన అవతల, రెండో లైటు స్తంభం కింద!"

పెద్దాయన చెయ్యి చాచాడు.

"చూపించు."

జూమక్క బొటనవేలు బటన్ మీదికి వెళ్లింది...

ఆగిపోయింది!

"ఏం? లేదా?"

"ఉంది. ముందు వాడెక్కడున్నాడో చెప్పు."

"అదిగో... వంతెన మీద. నా మనిషి కుంటోడు తోడున్నాడు. నా ఫోన్ కోసం చూస్తున్నాడు."

లెన్స్ ఎత్తింది. జూమ్ చివరిదాకా తిప్పింది.

తమ్ముడు! రెయిలింగ్‌కి ఆనుకుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. చొక్కా కాలరు ఒకవైపు లోపలికి మడతపడి ఉంది. పొద్దున సరిచెయ్యబోతే "వదిలెయ్యవే" అని పారిపోయాడు. ఇప్పుడు చెయ్యి చాపితే సరిచెయ్యొచ్చు అన్నంత దగ్గరగా కనిపిస్తున్నాడు.

ఉన్నది రెండొందల గజాల అవతల.

వాడి వెనక కుంటోడు. చెయ్యి జేబులో!

జూమక్క బటన్ నొక్కి ఆ ఫోటో తెరిచింది. కెమెరా పెద్దాయన చేతికిచ్చింది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కాళ్లు చూశాడు. స్తంభాలు లెక్కపెట్టాడు. మళ్లీ చూశాడు.

"నిజమే..."

ఫోన్ తీశాడు. "ఒరేయ్ కుంటోడా, వదిలెయ్. వాడు మనోడే."

జూమక్క అక్కడే కూలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఇదేంటి?"

పెద్దాయన ఇంకా స్క్రీన్‌నే చూస్తున్నాడు!

"ఇన్‌స్పెక్టర్ చేతిలో ఇదేంటి అమ్మాయ్?"

అద్దంలో పెట్టిన ఫోటోలో మొహాలే ఉన్నాయి. ఇందులో చేతులూ ఉన్నాయి.

పసుపు కవరు. మీద ఎర్ర చార!

ఆ కవర్లు వీధిలో ప్రతి ఇంట్లో ఉన్నాయి. పెళ్లి ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు... అన్నీ ఆ కవర్లలోనే వెళ్తాయి. జూమక్క స్టూడియో నుంచి!

"దూరం నుంచి నువ్వు తీసేది... పిల్లుల్నే కాదన్నమాట."

"నీ లోడ్లు కూడా తీసి ఆయనకిచ్చాను బాబాయ్." కళ్లు తుడుచుకుంది. "నీ దగ్గర్నుంచి వాణ్ణి బయటికి లాగడానికి ఇంకో దారి కనబడలేదు. వాడికేం తెలీదు. చచ్చిన మా అమ్మ మీద ఒట్టు!"

"ఈ ఫోటో చూపిస్తే ఏమవుతుందో తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చాను."

పెద్దాయన కళ్లద్దాలు తీసేశాడు. నాన్న పోయినప్పుడు ఈ ఇద్దర్నీ చెరో చంకన ఎత్తుకుని తిప్పిన మనిషి. ఆ చేతుల్లో ఒకటి రివాల్వర్ అందుకుంది.

"వాణ్ణి ముట్టుకోను." రివాల్వర్ ఆమె వైపు తిప్పాడు. "కళ్లు మూసుకో తల్లీ."

"మూసుకోను. కెమెరా ఇవ్వు బాబాయ్. ఒక్కసారి వాణ్ణి చూసుకోనీ."

ఇచ్చాడు.

కుంటోడు వెళ్లిపోతున్నాడు. తమ్ముడు ఒంటరిగా నిలబడి ఎటో ఆకాశంలోకి చూస్తున్నాడు. కాలరు అలాగే ఉంది.

"ఒరేయ్... ఇటు చూడరా... ఒక్కసారి చూడరా నాన్నా..."

ఢాం!

చప్పుడు వంతెన దాకా వెళ్లడానికి అర క్షణం పట్టింది.

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. గిర్రున తిరిగాడు. కళ్లు చిట్లించి చూశాడు...

సూటిగా లెన్స్‌లోకి!

క్లిక్.