కడియంలో అవతలి చెయ్యి

మధ్యాహ్నం గంజి తాగి దాలమ్మ మళ్ళీ ఉప్పుమడిలోకి దిగింది గానీ, మనసు మనసులో లేదు. ఎడమచేతి జోడుకడియం ఈ వేళకు చిన్నగా అదరాలి. కొన్నాళ్ళుగా దానికి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నౌపడ మడుల్లో ఆ కడియం లేని చెయ్యి ఇప్పుడు లేదు. ఆ మాటకొస్తే ప్రపంచంలోనే లేదు. ఒకప్పుడు పని ఒకటే, ఎండ ఒకటే, చెమట ఒకటే అయినా కూలి మాత్రం దేశాన్ని బట్టి ఉండేది. ఫ్రాన్సు ఒడ్డున మడుల్లో చెక్కతో ఉప్పు లాగేవాళ్ళు పూటకు తెచ్చుకునేది, దాలమ్మ తల్లి వేసవంతా ఒళ్ళు వంచినా కళ్ళజూసేది కాదు. ఆ ఎత్తుపల్లాల్ని చదును చెయ్యడానికి పుట్టిన యంత్రవ్యవస్థే సమతుల. కలిగిన దేశం నుంచి ఒకరినీ, లేని దేశం నుంచి ఒకరినీ, ఒకే పని చేసేవాళ్ళను చూసి జోడు కడుతుంది. ఇద్దరి సంపాదనా ఒకే కుండలో పోసి చెరిసగం పంచుతుంది. కలిగినవాళ్ళకు తగ్గేదాన్ని మనుషుల బదులు పనిచేసే మరయంత్రాల లాభంతో పూడుస్తుంది. పేర్లు చెప్పదు, ముఖాలు చూపదు. అవతల పని సాగుతోందన్న నమ్మకం కోసం ఆ చేతి ఊపును మాత్రం ఇవతలి కడియంలో అదురుగా పలికిస్తుంది.

ఆ అదురు మొదటిసారి తెలిసిన రోజు దాలమ్మ ఒళ్ళు జలదరించింది. ఎక్కడో సముద్రాల అవతల ఎవరో ఉప్పు లాగుతున్నారు, ఆ లాగుడు తన మణికట్టు మీద! ఏళ్ళు గడిచినా ఆ అబ్బురం తీరలేదు. పొడుగ్గా ఒక లాగు, కాస్త విరామం, మళ్ళీ పొడుగ్గా. ఎవరో గానీ తాపీ మనిషి అనుకునేది.

ఉన్నట్టుండి కడియం తెల్లగా వెలిగి మాట్లాడింది.

"మీ జోడు సేవ ముగిసింది. కొత్త జోడు సిద్ధం. అంగీకారానికి వేలు ఆనించండి."

"ముగిసిందంటే ఏటి? పని మానీసినారా?"

"మరణం," అంది కడియం, అదే గొంతుతో.

దాలమ్మ ఉప్పు లాగే చెక్కను గట్టున పెట్టింది. కాలువలోకి దిగి తల మీంచి నీళ్ళు పోసుకుంది. తడిబట్టలతోనే వచ్చి మళ్ళీ చెక్క పట్టుకుంది. వేలు మాత్రం ఆనించలేదు.

సాయంత్రానికి సమతుల కేంద్రం నుంచి వంశధర అనే కుర్ర అధికారి ఇంటికొచ్చాడు. దాలమ్మ భర్త సింహాచలం అరుగు మీద ఉన్నాడు. కళ్ళకు పొరలు కమ్మి ఆయనకు చూపు ఆనడం లేదు.

"అమ్మా, మీరు ఒప్పుకోకపోతే పాత జోడే నడుస్తుందండి. మీ ఒక్కరి కష్టమే కుండలో పడుతుంది. అందులోనూ సగం అటు పోతుంది."

"ఎవులికి?"

"పోయినవాళ్ళ ఇంటికి. సగం వదులుకునేవాళ్ళు ఎవరుంటారని ఆ దారి మూయలేదు. వచ్చే వారమే ఆయన కళ్ళ ఆపరేషన్ కదా. డబ్బు కట్టలేకపోతే వంతు పోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం."

దాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సావింట్లో పొయ్యి ఎలిగించరు బాబూ. పెద్దకరమం అయ్యేదాకా సుట్టాలే పెట్టాల."

"వాళ్ళు మీకు చుట్టాలేమిటమ్మా? పేరైనా తెలీదు."

"ఇన్నేళ్ళు ఒక కుండలో కూడు తిన్నాం. సుట్టరికానికి ఇంకేటి కావాల?"

వంశధర ఆశగా సింహాచలం వైపు తిరిగాడు.

"సూడాలని నాకూ ఉంది బాబూ, లేదనను," అన్నాడు సింహాచలం. దాలమ్మ గొంతు వినిపించిన వైపు తల తిప్పాడు. "దీని మొకం మసగ్గానే కనిపిస్తంది. అదీ ఒకందుకు మంచిదేలే."

దాలమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. మరుసటి వారం ఆపరేషన్ వంతు పోయింది.

రోహిణి కార్తె ఎండ నెత్తి మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం వంశధర మడిగట్ల మీద పరుగున వచ్చాడు. అతను నోరు తెరిచేలోపే దాలమ్మ చెయ్యి ఎత్తి ఆగమంది. కడియం అదురుతోంది.

"ఆ కడియాన్ని ఇంట్లోవాళ్ళెవరో తొడుక్కున్నారమ్మా," అన్నాడతను రొప్పుతూ. "మీ సగాన్ని ఊరికే తినలేక మడిలోకి దిగినట్టున్నారు. చచ్చిపోయిన చెయ్యి పని చేస్తోందని సమతుల తప్పు మీద తప్పు చూపిస్తోంది. ఏం చెయ్యాలో మా పెద్దలకే తెలీడం లేదు. ఇటువంటిది వస్తుందని ఎవరూ అనుకోలేదు."

దాలమ్మ కళ్ళు మూసుకుని వింది. ఇది ఆ తాపీ చెయ్యి కాదు. పొట్టిగా ఒక లాగు, తడబాటు, ఒక వంకర లాగు, ఆగిపోవడం.

"కొత్త సెయ్యి బాబూ. ఇంకా తిరగలేదు," అంది.

తను లాగితే ఆ అదురు అటూ తెలుస్తుంది. దాలమ్మ చెక్క అందుకుంది. తన తీరులో కాదు, ఇన్నేళ్ళూ మణికట్టు మీద విన్న తీరులో లాగింది. పొడుగ్గా ఒక లాగు. కాస్త విరామం. మళ్ళీ పొడుగ్గా. పోయిన మనిషి చేతిని ఆ ఇంటికే తిరిగి పంపుతున్నట్టు, తొందర లేకుండా మడి ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతూనే ఉంది. వంశధర గట్టు మీదే కూలబడ్డాడు.

కడియంలో అదురు ఆగిపోయింది. అవతల ఎవరో వింటున్నారు.

కాసేపటికి అట్నుంచి మొదటిసారి పొడుగ్గా ఒక లాగు వచ్చింది.