మాస్టారి కనుబొమలు

క్లినిక్ ముందు కొత్త బోర్డు పెట్టి వారం తిరగలేదు, దాన్ని కారు గుద్దేసింది.

గుద్దిన కారుకీ ఒక బోర్డు ఉంది, ఎర్రటి 'ఎల్' అక్షరంతో. స్టీరింగ్ వెనక ఒక పెద్దావిడ రెండు చేతులూ పైకెత్తి, పోలీసులకి దొరికిపోయినట్టు కూర్చుని ఉంది. పక్క సీట్లోంచి ఒక మనిషి దిగాడు. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు, లోతుగా. ఆ గీతలు చూడగానే సిస్టర్‌కి ఒళ్లు మండిపోయింది.

ఆమెను అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. ఆసుపత్రి వదిలేసి వచ్చినా ఆ పిలుపు మాత్రం వెంటే వచ్చింది.

"గుద్దింది మీరు, కోపం కూడా మీకేనా?" అంది గుమ్మంలోంచే. "బోర్డు ఇక్కడెందుకు పెట్టారని అడగబోతున్నారు, అంతేగా. అడగండి."

"సారీ చెబుదామని దిగానండి."

"ఆ ముఖంతోనా?"

"ఉన్నది ఇదొక్కటేనండి," అన్నాడతను నెమ్మదిగా.

కార్లో పెద్దావిడ అద్దం దించింది. "నిజమేనమ్మా. మాస్టారు వెన్నలాంటి మనిషి. ఆ ముఖం చూసే, కంగారులో బ్రేకనుకుని ఇంకోటి తొక్కేశాను."

సిస్టర్‌కి నవ్వు రావలసింది. కానీ నవ్వడానికి కూడా కాస్త ఓపిక కావాలి. లోపలికెళ్లి తలుపేసుకుంది. మర్నాడు డ్రైవింగ్ స్కూల్ మాస్టారు బోర్డు బాగుచేయించి తెచ్చి, గోడ పక్కన నిలబెట్టి వెళ్లిపోయాడు. బోర్డు మునుపటికన్నా నిటారుగా నిలబడింది.

ఐసీయూలో ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసిన మనిషి ఆమె. చివరికి నడుము మొరాయించింది. కూర్చుంటే లేవబుద్ధి కాదు, పడుకుంటే నిద్ర పట్టదు. సెలవుల్లో చర్మ సౌందర్య చికిత్సల కోర్సు చేసింది. మచ్చలు తగ్గించడం, లేజర్, ముడతలకి ఇంజెక్షన్లు. ఒక స్కిన్ డాక్టరమ్మ తన క్లినిక్‌లో ముందుగది ఇచ్చింది. ఎవరికి ఏం చెయ్యాలో ఆవిడ చూసి రాస్తుంది, చేసేది సిస్టర్. ఏడాది చూద్దాం, గది నిలదొక్కుకుంటే నీది, లేకపోతే నీ దారి నీది అనుకున్నారు.

"ప్రాణాలు నిలబెట్టిన చేతులతో ఇప్పుడు మొటిమలు గిల్లుతూ కూర్చుంటావా?" అంది అమ్మ. రోజూ అంది, అన్నం పెడుతూ కూడా అంది.

వచ్చేవాళ్లు తక్కువ. వచ్చిన వాళ్లలో సగం మందికి వద్దని చెప్పడమే పని. ఒకామెకి ఎల్లుండికల్లా రెండు ఛాయలు తెల్లబడాలట. ఇంకొకామె ఫోన్లో ఎవరి ఫొటోనో చూపించి ఆ ముక్కు కావాలంది. కుదరదని చెప్పి పంపిస్తే మళ్లీ రారు. బుగ్గ మీద కాలిన మచ్చతో వచ్చే కాలేజీ అమ్మాయి మాత్రం క్రమం తప్పకుండా వచ్చేది. ఒకరోజు ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా సిస్టర్‌కి నడుంనొప్పి గుర్తురాలేదు.

నెలలు అలా ఈడ్చుకుంటూ సాగుతుండగా ఒకనాడు మాస్టారు పేషెంటుగా వచ్చాడు. వచ్చాడనడం కన్నా, వాళ్లక్క లాక్కొచ్చింది అనాలి.

"వీడికి చిన్నప్పటి నుంచీ కోపమంటే తెలీదమ్మా," అంది అక్క. "ఎండలో రోడ్డు వంక చూసీ చూసీ ముఖం ఇలా తయారైంది. ఆడపిల్లలు ఒక్క క్లాసుకొచ్చి మర్నాడు మానేస్తున్నారు. మొన్న ఫొటో తీసేవాడు ఊరికే రెండుసార్లు సారీ చెప్పాడు."

"అక్కా, చాలు."

"చూశావా, ఇప్పుడు కూడా కోప్పడుతున్నట్టే ఉంది."

డాక్టరమ్మ పరీక్ష చేసి రాసిచ్చింది. కనుబొమల మధ్య కండరాన్ని కొన్ని నెలలపాటు సడలించే ఇంజెక్షన్. ఆ తర్వాత ముడుద్దామన్నా ముడవలేడు. సిస్టర్ చేతులు శుభ్రం చేసుకుని, గ్లవ్స్ వేసుకుని, అతని నుదుటి మీద సూది పడే చోట చుక్కలు పెట్టింది.

"నొప్పిగా ఉంటే చెప్పండి."

"చెప్పడమెందుకండి, ముఖంలో తెలుస్తుందిగా."

"మీ ముఖాన్ని నమ్మి ఒకసారి మోసపోయాను. నోటితోనే చెప్పండి."

అప్పుడు మొదటిసారి నవ్వాడు. పై రెండు గీతలూ తిడుతుంటే, కింద పెదాలు నవ్వుతున్నాయి. ఇన్నాళ్లూ ఈ ముఖంలో పైభాగమే చూశానా అనుకుంది ఆమె.

"నాలుగు గంటలు పడుకోకండి. రుద్దకండి. వంగకండి," అని చెప్పి పంపింది. ఆ మధ్యాహ్నమంతా అతను బూటు లేసు ఊడిపోతే వంగి కట్టుకోకుండా, కాలు ఈడ్చుకుంటూ తిరిగాడట. అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ రోజు మాత్రం సిస్టర్ నవ్వింది.

పదిహేను రోజులకి రివ్యూకి వచ్చేసరికి గీతలు మాయం. స్కూల్లో ఆడపిల్లల బ్యాచ్ మొదలైందన్నాడు. వాళ్లలో ఇద్దర్ని క్లినిక్‌కి కూడా తీసుకొచ్చాడు. థాంక్స్ చెప్పడం చేతకాక, "మీకు కారు నేర్పిస్తాను మేడం, ఊరికే," అన్నాడు.

"అందరూ నన్ను సిస్టర్ అంటారు. మీరొక్కరే మేడం అంటారేం?"

"ముందుచూపండి," అన్నాడు ముఖం పక్కకి తిప్పుకుని.

అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అయ్యాక చెవులు వేడెక్కాయి.

క్లినిక్ మూశాక సాయంత్రం క్లాసు అనుకున్నారు. మొదటిరోజు సీటు బెల్టు పెట్టుకుని, అద్దం సర్దుకుంటానని చెప్పి, ఆమె అలాగే నిద్రపోయింది. లేచి చూస్తే తను పక్క సీట్లో ఉంది, కారు నెమ్మదిగా వెళుతోంది.

"నేనెప్పుడు మారాను ఈ సీట్లోకి?"

"నేనే మారమన్నానండి. కళ్లు మూసుకునే మారారు."

"లేపొచ్చుగా."

"క్లచ్ రేపైనా నేర్చుకోవచ్చండి. నిద్ర పట్టినప్పుడే పోవాలి."

ఆ తర్వాత చాలా సాయంత్రాలు క్లాసు అలాగే జరిగింది. కాసేపు గేర్లు, కాసేపు కునుకు. ఐసీయూ మిషన్ల అలారాలు ఇంకా ఆమె చెవుల్లో మోగేవి. ఈ కార్లో మాత్రం మోగేవి కావు. ఇది ప్రేమేమో అన్న అనుమానం వచ్చింది గానీ, అనుమానపడి తేల్చుకునే ఓపిక లేక పక్కన పెట్టేసింది.

ఆ సమయంలోనే పాత ఆసుపత్రి మేట్రన్ ఫోన్ చేసింది. ఐసీయూ ఇన్‌ఛార్జ్ పోస్టు ఖాళీ అయింది, నీకోసమే ఆపాను, శనివారం మళ్లీ చేస్తాను, ఏదో ఒకటి చెప్పు అంది. అమ్మ మొహం చేటంత అయింది. సిస్టర్ క్లినిక్‌లో ఖాళీ కుర్చీల వంక చూసి, ఇక చాలు, వెళ్లిపోదామనుకుంది. ఓడిపోయినందుకు ఏడుపు కూడా రాలేదు, అంతగా అలిసిపోయింది.

గురువారం సాయంత్రం వాన. కారు రోడ్డు పక్కన ఆపించి అతనికి చెప్పింది.

"సోమవారం నుంచి మళ్లీ వార్డుకి వెళ్లిపోతానేమో."

మాస్టారు ఆమె వంక చూశాడు. నుదురు ఇస్త్రీ చేసిన చొక్కాలా నున్నగా ఉంది.

"అక్కడ అరిగిపోయానని మీరే అన్నారు కదండి."

"ఇక్కడ నిలబడలేకపోతున్నానని కూడా అన్నాను."

"ఆ కాలేజీ అమ్మాయి మచ్చ ఇంకా సగమే కదా తగ్గింది." అని, వైపర్లు ఆపేసి, "వెళ్లకండి. మీరంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకుందామని ఉంది," అన్నాడు.

సెకండ్ గేర్ వెయ్యండి అన్నప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. బాధ లేదు, భయం లేదు, కనుబొమ కూడా కదల్లేదు. అతని ముఖమంతా వెతికింది ఆమె. ఏమీ దొరకలేదు.

"సరదాగా ఉందా మీకు? నా బతుకు ఎటు పోతుందో తెలీక చస్తుంటే, టైర్లో గాలి సంగతి చెప్పినట్టు చెబుతారా?"

"నేను నిజంగానే…"

"నిజమైతే మనిషి ముఖంలో కొంచెమైనా కనబడుతుంది."

దిగిపోయింది. "గొడుగైనా తీసుకోండి," అన్నాడు అదే ముఖంతో. తీసుకోలేదు. తడిసి ఇంటికెళ్లి, తల కూడా తుడుచుకోకుండా పడుకుంది. ఏడుపు అప్పుడొచ్చింది. ఖాళీ కుర్చీలకి రాని ఏడుపు, ఒక నున్నటి నుదురు కోసం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం అక్క క్లినిక్‌కి వచ్చింది. సిస్టర్ లేజర్ మిషన్ తుడుస్తోంది.

"వాడికేమైందో నీకేమైనా తెలుసామ్మా? రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఏమైందిరా అంటే ఏం లేదంటాడు. ఇదివరకైతే కనుబొమలు చూసి కడుపులో ఏముందో చెప్పేసేదాన్ని. ఇప్పుడు ఆ ముఖంలో ఒక్క ముక్క తెలిసి చావడం లేదు."

సిస్టర్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

చుక్కలు పెట్టింది తను. సూది గుచ్చింది తను. కొన్ని నెలలపాటు ముడుద్దామన్నా ముడవలేరు అని ఎదురుగా కూర్చోబెట్టి వివరించింది కూడా తనే.

"డాక్టరమ్మా," అంది పక్క గదిలోకి వెళ్లి, సిగ్గుతో కుంచించుకుపోతూ. "కనుబొమ కదిలించలేదని ఒక మనిషిని తిట్టి వచ్చాను."

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "మన మాస్టారినేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, "ఇక ముందు అతనికి ఇంజెక్షన్ నేనిస్తాను. నువ్వు ముట్టుకోవద్దు, అది పద్ధతి కాదు. వెళ్లు," అంది.

డ్రైవింగ్ స్కూల్ పక్క వీధిలోనే. మళ్లీ మొదలైన వానలో నడుస్తూ సిస్టర్ తనను తాను తిట్టుకుంది. ఐసీయూలో ఎంతమందిని చూసింది. నోట్లో గొట్టం, కదలని ముఖం, మాట లేదు. వాళ్ల భయం, వాళ్ల బాధ ముఖం చూసా తెలుసుకుంది? గదిలో నాలుగు నెలలు కూర్చునేసరికి, తను కూడా ముఖాలే చూసే మనిషి అయిపోయింది.

మాస్టారు స్కూల్ ముందు కారులో ఒక్కడే ఉన్నాడు, అద్దం మీద ఆవిరి తుడుస్తూ. ఆమె తలుపు తీసుకుని పక్కన కూర్చుంది. బట్టల్లోంచి నీళ్లు సీటంతా కారాయి.

"చెయ్యి ఇవ్వండి."

"ఏంటండి?"

"చెయ్యి."

ఇచ్చాడు. ముఖం ఎప్పట్లాగే ప్రశాంతంగా ఉంది. ఆమె అటు చూడనేలేదు. మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుంది. వేళ్ల కింద నాడి పరుగులు పెడుతోంది, ఆగనంటోంది. ఇంత పెద్ద మనిషిలో ఇంత భయమా అనిపించింది ఆమెకి.

"మొన్న కూడా ఇలాగే కొట్టుకుందా?"

"ఇంకా ఎక్కువండి. మీకు వినబడుతుందేమో అనుకున్నాను."

"నేనే సూది వేసి, నేనే అపార్థం చేసుకున్నాను. తప్పు నాది."

"అయితే వెళ్తున్నారా, ఉంటున్నారా? అది చెప్పండి ముందు. నా సంగతి తర్వాత చూద్దాం."

ఆమె జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. మేట్రన్. ఆమె రెండో చేత్తో తీసింది.

"ఏమంటావమ్మా, సోమవారం చేరతావా?"

ఆమెకు మచ్చ సగం తగ్గిన అమ్మాయి గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది. నడుము నొప్పి ఎప్పట్లాగే ఉంది. అయినా ఈసారి గొంతు తడబడలేదు.

"లేదు మేడం. నేను రాను. ఇక్కడే ఉంటాను."

"ఆలోచించే చెబుతున్నావా? అసలు ఎక్కడున్నావు, ఏం చేస్తున్నావు?"

"పేషెంటు చెయ్యి పట్టుకుని ఉన్నాను మేడం."

మేట్రన్ పాతకాలం మనిషి. పేషెంటు అనగానే మిగతా ప్రశ్నలన్నీ వదిలేసింది.

"పల్స్ ఎలా ఉంది?"

సిస్టర్ కళ్లు తెరిచి మాస్టారి వంక చూసింది. "చాలా వేగంగా కొట్టుకుంటోంది మేడం."

"అయితే వదలకు," అని మేట్రన్ ఫోన్ పెట్టేసింది.