ఓటు మీద అరసున్న

ఓర్వకల్లు బండల మధ్య జీపు పక్కకు ఒరిగి ఉంది. ముందు చక్రాలు రెండూ గాలిపోయి ఉన్నాయి. స్టీరింగు మీద తల ఆనించి పడుకున్నవాడిలా, కడప నుంచి పేపర్ల కట్టలో మ్యాపు తెస్తున్న దేవేంద్రప్ప. చెవి వెనక చిన్న రంధ్రం. గాలికి పాత పేపర్లు రోడ్డు నిండా దొర్లుతున్నాయి. 1921, 1926, 1937. ఎన్నికల వార్తలు, నాయకుల ఉపన్యాసాలు.

గంగాధరం ఒక్కొక్క కాగితమే ఏరుతున్నాడు. కర్నూలు రాజధానిలో అందరికీ అతను రీసెర్చి స్టూడెంటు. తెలుగు పత్రికల చరిత్ర, రాజకీయ వార్తలు అతని సబ్జెక్టు. ఆ సంగతి నమ్మించడానికి ముక్కు మీద పవర్ లేని కళ్లద్దాలు, జేబులో పెన్ను. ఆ పెన్ను క్యాపులో భూతద్దం ఉందని తెలిసినవాళ్లు ఇద్దరే.

"మ్యాపు పోయినట్టేనా సార్?" అని అడగడానికి అక్కడ ఎవరూ లేరు. మేకలు మేపుకునే పెద్ద ఈరన్న మాత్రం ఉన్నాడు.

"ముగ్గురు ఉండిరి సార్. పొద్దున్నించీ ఆ బండ సాటున కూచోని పేపరు సదువుతాండిరి. నేనే అనుకుంటి, ఏమప్పా, ఈ ఎండలో ఇంత సదువు యాల అని."

అతను చూపించిన చోట పొగాకు చుట్టిన కాగితం పడి ఉంది. విప్పితే, పోయిన శుక్రవారం 'హంద్రీ వార్త' వారపత్రిక. సంపాదకీయం పేజీ.

ఆ పత్రిక పేరు చూసి గంగాధరానికి ఏ అనుమానమూ రాలేదు. మన ఇంటి గడప మీద రక్తం చూసినా ముందు కుంకుమేమో అనుకుంటాం. మనసు పని అలాంటిది.

*

పి.డబ్ల్యు.డి. డేరా ముందు నిలబడి అడిగాడు: "మంచినీళ్లు యాడ దొరుకుతాయప్పా?"

"హంద్రీలో ఇసుక తవ్వుకో" అంది లోపలి గొంతు. సంకేతం కుదిరింది.

గూఢచారి శాఖ చీఫ్ శాంతయ్య బల్ల మీద ఇంజినీర్ల నక్షాలు పరచుకుని కూర్చున్నాడు. మాటలు టెలిగ్రాములా ఖర్చు పెట్టే మనిషి.

"మంగంపేట ముగ్గురాయి గనుల అడుగున ఒక ఖనిజం దొరికింది. అణు పరిశోధనకు పనికొస్తుంది. ఎక్కడుందో చూపే మ్యాపును రెండు ముక్కలు చేశాం. ఒకటి పోయింది. రెండోది కడపలో ఏసేపు దగ్గర ఉంది. వచ్చే మంగళవారం బయలుదేరుతాడు. ఓర్వకల్లు వద్దు. నంద్యాల నుంచి ఆత్మకూరు మీదుగా వస్తాడు."

"పాత పేపర్ల కట్టలోనేనా?"

"నీ ఐడియానే కదా. ఇంకోటి ఉంటే చెప్పు."

గంగాధరం కళ్లద్దాలు సర్దుకున్నాడు. శాంతయ్యే మళ్లీ అందుకున్నాడు.

"తెలిసిన వాళ్లు నలుగురం. నేను, నువ్వు, ఏసేపు, సుందరలక్ష్మి. ఆమె మీద కన్నేసి ఉంచు. ఏసేపు భార్యకు నెలలు నిండాయి. ఈ సారి శవాన్ని నేను మోయలేను."

డేరా బయట ఆఫీసు బీరువాలను లారీలకు ఎక్కిస్తున్నారు. నవంబరుకు రాజధాని హైదరాబాదు పోతుంది. మూడేళ్లు ముచ్చటపడ్డ ఊరు, పెళ్లి అయిపోయిన పందిరిలా ఉంది.

గంగాధరం కాళ్లు వాటంతట అవే పాతబస్తీ సందులోకి నడిచాయి. 'హంద్రీ వార్త' ఆఫీసు. రామకోటయ్య ఇల్లు కూడా అదే. వ్యాపారుల ఇంట పుట్టి, బట్టల కొట్టు తమ్ముడికి వదిలేసి, ముప్పై ఏళ్లుగా ఆ పత్రికను ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. ఆర్నెల్ల కిందట, రీసెర్చి అనే ముసుగు వేసుకుని గంగాధరం ఆయన గడప ఎక్కాడు. మూడో నెలకు ముసుగు ఏదో ముఖం ఏదో అతనికే తెలియకుండా పోయింది. ఆయన చెప్పే పాఠం కోసం పొద్దున్నే లేచి పరుగెత్తేవాడు.

ముఖ్యంగా అరసున్న పాఠం. పలకని అక్షరం, సున్నలో సగం. మద్రాసు, బెజవాడ పేపర్లు ఎప్పుడో వదిలేశాయి. రామకోటయ్య వదల్లేదు. "నాడు అంటే దేశం. నాఁడు అంటే కాలం. ఆ సగం సున్న తీసేస్తే దేశానికీ కాలానికీ తేడా యాడుంటుంది నాయనా?" అనేవాడు. "ఒకటి గుర్తుపెట్టుకో. అది అచ్చ తెలుగు మాటకే ఎక్కుతాది. సంస్కృతం మాటకు ఎక్కదు, ఇంగ్లీషు మాటకు అసలే ఎక్కదు. ముప్పై ఏండ్లలో నా పేపర్లో ఒక్క అరసున్న తప్పు పడలే."

ఆ రోజు ఆయన మజ్జిగ గ్లాసు చేతికిచ్చి గంగాధరం భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ పేపర్ల కోసం పోయి సచ్చిపోయినాడంట గదా పాపం, ఆ జీపాయన. ఊరుకో నాయనా. దొంగలకు పేపర్లేంటికి, ఇంకేదో అనుకోనుంటారు."

గంగాధరం ఆ ఒక్క ఇంట్లో ఏడవగలిగాడు.

"కడప ఫైళ్లు ఇంగా రావాల్నా?" అని ఆయన మెల్లగా అడిగాడు.

"వచ్చే మంగళవారం వస్తాయయ్యా. ఆత్మకూరు మీదుగా."

గూఢచారి అన్నవాడు ఆ మాట అనకూడదు. అన్నది గూఢచారి కాదు, శిష్యుడు.

*

గురువారం లైబ్రరీలో సుందరలక్ష్మి. జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు, ఆమె వెనక నాలుగు అడుగులు ఆలస్యంగా వచ్చే సెంటు వాసన. తెలుగు పత్రికల పరిశోధనకు సాయం చేసే విదేశీ ఫౌండేషను తరఫు ప్రతినిధి. ఆ ఫౌండేషను, మ్యాపు కోసం తిరుగుతున్న ముఠాకు ముసుగు. ఆమె ముఠాకు పనిచేస్తూ శాంతయ్యకు కబుర్లు చెబుతుంది. లేదా శాంతయ్యకు పనిచేస్తూ ముఠాకు చెబుతుందేమో, ఎవరికీ తెలియదు.

"నన్నే అనుమానిస్తున్నారు కదూ గంగాధరంగారూ" అంది, పాత ఫైలు తిరగేస్తూ.

"అనుమానించకూడదా?"

"తేలిక పని కదా. సెంటు రాసుకున్నదాన్ని అనుమానించడానికి బుర్ర అక్కర్లేదు." ఆమె ఫైలు మూసింది. "దేవేంద్రప్ప ఓర్వకల్లు మీదుగా వస్తున్నట్టు నేను ఎవరికీ చెప్పలేదు. గుంతకల్లులో మా దొర ఒకడున్నాడు. ఆయనకు వారం వారం 'హంద్రీ వార్త' చేర్చడం నా పని. ఎందుకో అడగకూడదు. ఆయన వార్తలు చదవడు. సంపాదకీయం ఒక్కటే చదువుతాడు, భూతద్దం పెట్టుకుని."

"అది తెలుగు కదా."

"వ్యాకరణం నేర్చుకుని తెలుగు చదివిన దొర. నా ఉత్తరాల్లో తప్పులు దిద్దుతాడు."

గంగాధరం గదికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పెన్ను క్యాపు విప్పాడు. ఓర్వకల్లులో దొరికిన పేజీ మీద అద్దం ఆనించాడు. ఎన్నికల గురించిన సంపాదకీయం. రెండో పేరాలో చూపు తట్టుకుంది.

'ఓఁటు.'

ఇంగ్లీషు మాట మీద అరసున్న. అతను నవ్వబోయాడు. పెద్దాయనను ఏడిపించడానికి మంచి సాకు దొరికిందనుకున్నాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివాడు. 'సోఁదరులు'. సంస్కృతం. తర్వాత 'ఓఁటు'. ఆ తర్వాత 'రఁక్షణ', 'కఁమిటీ'. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పులు నాలుగే. తప్పు పడ్డ అక్షరాలు వరుసగా: సో, ఓ, ర, క.

సోమవారం. ఓర్వకల్లు.

తప్పు ఎన్నడూ చేయని మనిషి చేసిన తప్పు, తప్పు కాదు.

తనకు ఆ పాఠం రాకపోయి ఉంటే ఈ పేజీలో ఏమీ కనిపించేది కాదు. పట్టుకోవడానికి కావలసిన కన్ను కూడా ఆయన ఇచ్చిందే. దేవేంద్రప్ప ఏ రోజు, ఏ దారిన వస్తాడో ఆయనకు చెప్పిన నోరు మాత్రం తనది. గంగాధరం భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. పవర్ లేని కళ్లద్దాల్లోంచి అక్షరాలు మసకగా కనిపించాయి. ఆర్నెల్ల పాత ఫైళ్లు ఎప్పుడో కళ్లను నిజంగానే తినేశాయి. అది ఇన్నాళ్లూ గమనించనే లేదు.

*

శుక్రవారం పొద్దున పది దాటింది. పదకొండు గంటల రైలుకు కట్టలు గుంతకల్లు పోవాలి. ప్రెస్సు గుమ్మంలోనే అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరు ఉరుకుందప్ప ఎదురొచ్చాడు, చేతిలో తడి ప్రూఫుతో.

"నువ్వన్నా సెప్పు సార్. నేను పోయిన వారం ఉరుకుంద జాతరకు పోయింటి, కొత్తోడు ఏం సేసినాడో తెలీదు. ఈ వారం నాలుగు అరసున్నలు తప్పుండాయి. పీకేసినా. పెద్దాయన మళ్లా పెట్టమని తిట్టి, నేను పెట్టనంటే తానే పెట్టినాడు. ఇరవై ఏండ్లలో నన్ను తప్పు పెట్టమన్నది ఇదే."

గంగాధరం ప్రూఫు అందుకున్నాడు. 'మఁహాసభ', 'ఆఁశయము', 'తఁరుణము', 'కఁమిటీ'. మ, ఆ, త, క. మంగళవారం, ఆత్మకూరు.

రామకోటయ్య అచ్చక్షరాల కేసు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గంగాధరం చేతిలోని కాగితం చూశాడు, ముఖం చూశాడు. చేతిలోని ఎర్ర పెన్సిలు పక్కన పెట్టాడు.

"యాడ పట్టుకుంటివి?"

"ఓటు మీద."

"ఊఁ. అదే ముందు కనపడేది." పరీక్ష పేపరు దిద్దుతున్నట్టే అన్నాడు.

"ఎందుకయ్యా?"

"ఆ దొర కూడా నీ మాదిరే వచ్చినాడు. పత్రికల్లో రాజకీయ వార్తల మీద రీసెర్చి అన్నాడు. ఈడ్నే, నువ్వు కూర్చునే సోటనే కూర్చున్యాడు. ఈ ఊరు రాజధాని అయితే మంత్రులు వచ్చిరి, ఎమ్మెల్యేలు వచ్చిరి. నాయనా, అందరూ మద్రాసు పేపర్లో ఫోటో కోసం ఉరికినోళ్లే. నా పత్రికలో అక్షరం అక్షరం సదివింది ఆ దొర ఒక్కడే. ప్రూఫులో తప్పు అరసున్న ఒకటి పెడతా, కనుక్కో సూద్దాం అంటి. కనుక్కున్యాడు. అట్ల ఆట మొదలయ్యె. తర్వాత నీ పేపర్ల కట్ట ఏ పొద్దు, ఏ దారిన వస్తాదో అట్లనే చెప్పమన్యాడు."

"దేవేంద్రప్ప చచ్చిపోయినాడు."

"కాగితాలు లాక్కుంటారనుకుంటి. మనిషిని సంపుతారని..."

"ఆయన పోయింది సోమవారం. ఈ నాలుగూ ఈ రోజు పెట్టినారు."

రామకోటయ్య పక్కన పెట్టిన పెన్సిలు మళ్లీ తీసుకున్నాడు. తల ఎత్తాడు.

"నువ్వు మాత్రం? శిష్యుడినని అబద్ధం చెప్పి వస్తివి. నేను నీకు ఒక్క పాఠం అబద్ధం చెప్పలే."

గంగాధరానికి ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. కానీ గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. ఏసేపు, నెలలు నిండిన అతని భార్య, ఆత్మకూరు రోడ్డు. ఏడవడానికి తర్వాత తీరిక ఉంటుంది.

తప్పులు తీసేస్తే చాలదు. సంకేతం రాకపోతే ముఠా జాగ్రత్తపడుతుంది, ఇంకో దారి వెతుకుతుంది. సంకేతం వెళ్లాలి. తప్పుదారి చూపాలి. మ, ఆ ఉండనిచ్చి, త, క తీసేసి, దో, ని పెడితే మంగళవారం ఆదోని అవుతుంది.

"తప్పు అక్షరం నా సేత్తో పెట్టను" అని ఉరుకుందప్ప చేతులు కట్టుకున్నాడు. గంగాధరమే అక్షరాలు తీసే చిమటా పట్టుకుని, పేర్చిన పేజీ ఫారం మీదికి వంగాడు. రెండు అరసున్నలు పీకాడు. 'నియోజకవర్గము'లో 'ని' పక్కన ఒకటి దించాడు. 'దో' కోసం వెతికితే ఆ పైన పంక్తిలోనే 'దోఁపిడి' కనిపించింది. అరసున్న అక్కడ ముందే ఉంది. పని తేలికైంది.

"ఫారం బిగించు ఉరుకుందప్పా."

ఉరుకుందప్ప బిగించాడు. అచ్చుయంత్రం ట్రెడిల్ మీద కాలు పెట్టాడు. చక్రం తిరగబోయింది.

"ఆగు" అన్నాడు రామకోటయ్య.

ఆయన ముఖంలో ఏదో పోట్లాట జరుగుతోంది. నోరు మూసుకుంటే ఆయన ఆట బతుకుతుంది. ముప్పై ఏళ్లు ప్రూఫు దిద్దిన కన్ను మాత్రం ఆయన మాట వినలేదు.

"దోపిడి అచ్చ తెలుగు మాట. అక్కడ అరసున్న సరైందే. సరైనదాన్ని ఆ దొర లెక్కలోకి తీసుకోడు. తప్పు కావాలంటే సంస్కృతం మాట మీద పెట్టు." ఎర్ర పెన్సిలుతో దాని పై పంక్తి చూపించాడు. "దోషము. దాని మీద పెట్టు. ఇన్ని సార్లు చెప్పినా మళ్లా అదే తప్పా నాయనా."

ఉరుకుందప్ప సడలించిన ఫారం మీదికి గంగాధరం మళ్లీ చిమటాతో వంగాడు. 'దోఁషము'. సగం సున్న దిగింది. ట్రెడిల్ కదిలింది. పదకొండు గంటల రైలు కూత వేయడానికి నిమిషం ముందు కట్ట ఎక్కింది.

*

మంగళవారం ఆదోని రోడ్డు మీద పత్తి బండ్లు బారులు తీరాయి. బోరాల్లో పత్తికి బదులు పోలీసులు ఉన్నారని కాపు కాసిన ముగ్గురికీ ఆలస్యంగా తెలిసింది. గుంతకల్లులో దొర భూతద్దంతో, మొదటి సగం మ్యాపుతో దొరికాడు. ఏసేపు ఆత్మకూరు దారిన సీతాఫలాల గంప పక్కన కట్ట పెట్టుకుని, పాటలు పాడుకుంటూ వచ్చాడు.

"ముసలాయన మీద నాకు మొదటి నుంచీ అనుమానమే" అన్నాడు శాంతయ్య, ఫైలుకు దారం కడుతూ. "అందుకే నిన్ను ఆ ఇంటికి పంపింది. చెబితే నీ ముఖంలో తెలిసిపోయేది."

గంగాధరం ఆయన ముఖం చూశాడు. దాని మీద ఎక్కడా తప్పు అరసున్న లేదు.

పై వారం మూతపడ్డ 'హంద్రీ వార్త'కు ఒక కార్డు వచ్చింది. గంగాధరం దాన్ని, ఆయన ఎర్ర పెన్సిలును జైలుకు తీసుకుపోయాడు. ముందు కార్డును కటకటాల సందులోంచి అందించాడు. కడప నుంచి అలివేలమ్మ అనే బడిపంతులమ్మ రాసింది. పంతొమ్మిదేళ్లుగా పత్రికను అక్షరం వదలకుండా చదువుతున్నానని, రెండు వారాలుగా సంపాదకీయంలో అరసున్నలు నాలుగేసి తప్పు పడుతున్నాయని, పెద్దవారి ఆరోగ్యం ఎట్లుందోనని దిగులుగా ఉందని.

రామకోటయ్య కార్డును రెండుసార్లు చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు. మూడోసారి చదివి చెయ్యి చాపాడు.

"ఆ పెన్సిలు ఇట్లియ్యి. రెండో పంక్తిలో ఆయమ్మ ఒక అరసున్న ఇడిసిపెట్టింది."