టేపు చివరి మడత

టెక్నీషియన్ స్తంభం మీంచి జారిపడి చనిపోయాడని పోలీసులు తేల్చేశారు. జారిపడ్డవాడి వీపులో తూటా ఎలా దిగిందన్నది మాత్రం తేల్చలేదు.

"అది తేల్చాల్సింది మనం," అన్నాడు పెద్దాయన. గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ ఆయన. ఆయన అసలు పేరు ఎవరూ పలకరు. ఒకరిద్దరు పలికారట, తర్వాత వాళ్ళు ఆ బిల్డింగ్‌లో కనిపించలేదు.

బ్రీఫింగ్ రూమ్‌లో ఉన్నది ముగ్గురే. బల్ల వెనక పెద్దాయన, బల్ల ముందు ఏజెంట్ ఉడుత, గోడకి చేరగిలబడి మాస్టారు. ఆరడుగుల మనిషికి ఉడుత అన్న కోడ్ నేమ్ ఏమిటని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. అతను గోడ ఎక్కడం చూశాక ఆ నవ్వు ఆగిపోతుంది. మాస్టారు టెక్నికల్ వింగ్ హెడ్. ఉడుతకి వైరు కలపడం దగ్గర్నుంచి వైరు కత్తిరించడం దాకా నేర్పింది ఆయనే. పైగా ఉడుత అక్కకి భర్త. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ మాస్టారు, ఉడుతకి బావ.

పెద్దాయన మ్యాపు మీద వేలు పెట్టాడు. ఊరికి ఎగువన కొండ మీద రిజర్వాయర్. గేట్లను నడిపే కంప్యూటర్ అక్కడి గేట్ హౌస్‌లో ఉంది. దానికి ఆర్డర్లు ఇచ్చే కంట్రోల్ రూమ్ కింద ఊళ్ళో ఉంది. కొండ మీదికి కేబుల్ లేదు. రెంటినీ కలిపేది స్తంభానికి బిగించిన ఒక అవుట్‌డోర్ రూటర్. అందులో సిమ్, దాని పైన ఒక యాంటెన్నా. ఊరి సెల్ టవర్ సిగ్నల్ పట్టుకుని గేట్లను కంట్రోల్ రూమ్‌తో మాట్లాడించడం దాని పని. ఈ మధ్య ఆ రూటర్ ఉండుండి కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీంచి మాయమవుతోంది. ఎందుకో చూడ్డానికి వెళ్ళినవాడే ఆ టెక్నీషియన్.

దీని వెనక విదేశీ ముఠా ఉందని పెద్దాయనకి కబురందింది. వాళ్ళ గురి ఊరి చివరి మిస్సైల్ ఫ్యాక్టరీ మీద. రిజర్వాయర్ అంచుల దాకా నిండి ఉంది. గేట్లన్నీ ఒక్కసారి తెరుచుకుంటే ఫ్యాక్టరీ కొట్టుకుపోతుంది. దారిలో ఉన్న పాపానికి ఊరూ పోతుంది.

ఉడుత టెక్నీషియన్ వేషంలో వెళ్ళాలి, అతని పేరు సూచించింది మాస్టారే. పాత రూటర్ దించి కొత్తది ఎక్కించాలి. కొండ మీద సెంటు మేడమ్ తిరుగుతోందని రిపోర్టు వచ్చింది, జాగ్రత్తగా ఉండాలి. ముఠాలో అందగత్తె ఆమె. మనిషికంటే ముందు సెంటు వాసన వస్తుందని ఆ పేరు.

మాస్టారు కొత్త రూటర్‌ను తన చేతుల్తోనే పెట్టెలో సర్దాడు. సిమ్ వేశాడు, రబ్బరు మూత బిగించాడు. నీళ్ళు దిగకుండా కేబుల్ రంధ్రం కిందివైపే ఉండాలని వెయ్యోసారి చెప్పాడు. పైకెక్కాక సెట్టింగుల ఫైల్‌ను ఉడుత సొంత లాగిన్‌తోనే లోడ్ చెయ్యాలన్నాడు. తనకి ఆ కొండ మొహమే తెలియదని, లేకపోతే తనే వెళ్ళేవాణ్ణని నొచ్చుకున్నాడు.

"హెల్మెట్‌లో ఇయర్‌పీస్ ఉంది. ఆఫీసు నుంచి నేను వింటూనే ఉంటా. జాగ్రత్తరా," అని ఉడుత వీపు తట్టాడు.

గాడ్జెట్స్ సెక్షన్ వాళ్ళు ఒక స్పానర్ ఇచ్చారు. అందులో కెమెరా ఉంది, మైకు ఉంది, విషం పూసిన సూది కూడా ఉంది. నట్టు తిప్పడానికి మాత్రం అది పనికిరాదు.

కొండ దారిలో అక్క ఫోన్ చేసింది. ఆమె గొంతులో ఆనందం దాగడం లేదు. పెళ్ళయినప్పట్నుంచి ఒక్క ఊరికీ తీసుకెళ్ళని మనిషి, ఆ పొద్దున తెల్లారకముందే లేపి, పిన్నిని చూసిరమ్మని రైలెక్కించాడట. తలుపులు వేసుకునే టైము కూడా ఇవ్వలేదట. మీ బావకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా అంది. ఉడుత కూడా నవ్వాడు.

కొండ మీద ఎండ మాడ్చేస్తోంది. గేట్ హౌస్ పక్కన ఇనుప స్తంభం, దాని నీడలో ఒక ఎర్ర కారు. కారుకి ఆనుకుని నల్ల కళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫు, వాటి మధ్య సెంటు మేడమ్. ఆమె నవ్వుతూ, ఇవాళ వాన పడుతుందంటారా అని అడిగింది. అది డిపార్ట్‌మెంట్ కోడ్. ఇది ఈవిడకెలా తెలిసిందని ఉడుతకి ఒళ్ళు మండింది. బావ హెచ్చరిక గుర్తొచ్చి, తనకి వానల సంగతి తెలియదనీ తాను కరెంటు పనివాణ్ణనీ చెప్పి బెల్టు తగిలించుకుని ఎక్కేశాడు.

పైన గాలి హోరుమంటోంది. చెవిలో బావ గొంతు ఎప్పటిలాగే నింపాదిగా ఉంది. ముందు పాత రూటర్ కరెంటు తియ్యమన్నాడు. తర్వాత యాంటెన్నా కేబుల్ జాయింటు విప్పమన్నాడు. యాంటెన్నాను మాత్రం ముట్టుకోవద్దన్నాడు, అది సరిగ్గానే ఉందట.

జాయింటు మీద నల్ల రబ్బరు టేపు చుట్టి ఉంది. ఉడుత చూడకుండానే టేపు చివర వేళ్ళతో తడిమాడు. అక్కడ చిన్న మడత తగిలింది. పట్టుకుని లాగితే టేపంతా ఒక్క ఊపున ఊడొచ్చింది. పాత రూటర్ దించాడు, కొత్తది బిగించాడు. నెట్‌వర్క్ కేబుల్‌ను కిందికి వంకీ తిప్పి రంధ్రంలోకి తోశాడు, వాన నీళ్ళు ఆ వంకీ దగ్గరే కారిపోయేలా. కరెంటు వచ్చింది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తన లాగిన్ కొట్టి, బావ ఇచ్చిన ఫైల్ లోడ్ చేశాడు. రూటర్ మీద పచ్చ లైట్లు వరసగా వెలిగాయి.

"శభాష్‌రా. ఇక జాయింటుకి టేపు చుట్టేసి దిగిపో," అన్నాడు బావ.

ఉడుత కొత్త టేపు సాగదీసి కింది నుంచి పైకి చుట్టుకొచ్చాడు. కిందిపొర మీద పైపొర కప్పుకుంటూ పోతే వాన లోపలికి దిగదు. చివరికొచ్చేసరికి అతని బొటనవేలు దానంతటదే టేపును లోపలికి మడిచింది. మళ్ళీ విప్పేటప్పుడు కత్తి అక్కర్లేకుండా ఉండాలని బావ పెట్టే మడత అది. డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరూ పెట్టరు. బావ పెడతాడు, బావ దగ్గర నేర్చుకున్న ఉడుత పెడతాడు.

అతని చెయ్యి ఆగిపోయింది. ఇందాక విప్పిన టేపు ముక్కను జేబులోంచి తీసి చూశాడు. మెరుస్తోంది, ఇంకా దుమ్మయినా పట్టలేదు. చుట్టి వారం కూడా అయి ఉండదు. కొండ మొహమే తెలియదన్న మనిషి మడత కొండ మీద ఎలా ఉంది?

యాంటెన్నా వైపు చూశాడు. ఊరి టవర్ ఎడమవైపు ఉంటే, ఇది కుడివైపు కొండ రోడ్డును చూస్తోంది. అక్కడ మలుపులో ఒక తెల్ల వ్యాను ఆగి ఉంది. అప్పుడే ఒక లారీ ఆ మలుపు తిరుగుతూ గట్టిగా హారన్ కొట్టింది. ఆ హారన్ ఉడుతకి గాలిలోనూ వినిపించింది, చెవిలోని ఇయర్‌పీస్‌లోనూ వినిపించింది. బావ ఆఫీసులో లేడు.

టేపు ముక్కను గుప్పిట్లో నలిపేశాడు. బావ అబద్ధం చెప్పాడని కాదు, ఈ ఉద్యోగంలో అబద్ధం చెప్పనివాడెవడు? ఆ గొంతు ఇందాక జాగ్రత్తరా అన్నప్పుడు అతను నిజంగానే జాగ్రత్తపడ్డాడు. అదీ అతన్ని కోసేసిన సంగతి.

కింద నుంచి ఆడగొంతు వినిపించింది. సెంటు మేడమ్ కళ్ళద్దాలు తీసేసింది. చేతిలో పిస్టల్ ఉంది, అది సూటిగా ఉడుత వైపే ఉంది.

"నేను పెద్దాయన మనిషిని. ముఠాలో చేరింది ఆయన చెబితేనే. ద్రోహి ఎవరో తేలేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదాయన," అంది. "స్తంభం ఎక్కేవాడే ద్రోహి అని వాళ్ళు నాకు చెప్పారు. కోడ్‌కి జవాబు కూడా చెప్పకుండా ఎక్కారు మీరు. ఫైల్ లోడ్ చేసేశారా?"

చేశాననీ, అందులో ఏముందో తెలియదనీ అన్నాడు. ఆమె మొహం పాలిపోయింది. ఆ ఫైల్‌లో ఏముందో ఆమె గబగబా చెప్పింది. ఒక్క నిమిషం పాటు రూటర్‌కి లింక్ లేకపోతే గేట్లన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. ప్రస్తుతం రూటర్ పట్టుకుంటున్నది ఊరి టవర్‌ను కాదు, ఆ వ్యానులో పెట్టిన దొంగ టవర్‌ను. ఫ్యాక్టరీ మధ్యాహ్నం సైరన్ మోగగానే వ్యానులో స్విచ్ కట్టేస్తారు. తర్వాత ఎవరు రికార్డు చూసినా అందులో ఉండేది ఉడుత లాగిన్ ఒక్కటే.

ఉడుత ల్యాప్‌టాప్‌లో మళ్ళీ లాగిన్ కొట్టాడు. పాస్‌వర్డ్ తప్పంది. ఫైల్ లోడ్ కాగానే పాస్‌వర్డ్ మారిపోయేలా రాసిపెట్టాడు బావ. కరెంటు పీకినా లింక్ పోయినట్టే, గేట్లు తెరుచుకున్నట్టే. ఉడుత పిస్టల్‌ను పట్టించుకోలేదు. ద్రోహి వ్యానులో ఉన్నాడనీ, పెద్దాయనకి ఫోన్ చెయ్యమనీ ఆమెకి చెప్పి హెల్మెట్ మైకు దగ్గరికి నోరు తెచ్చాడు.

"అక్కని రైలెందుకెక్కించావు బావా?"

"దిగి వచ్చెయ్యిరా," అన్నాడు బావ. "ఆ కారు తీసుకుని వెళ్ళిపో. నీకింకా టైముంది."

"నన్నెందుకు ఎక్కించలేదు?"

కింద లోయలో సైరన్ మోగింది. రూటర్ మీద పచ్చ లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయి ఎర్ర లైటు వెలిగింది.

ఉడుత యాంటెన్నాను స్తంభానికి పట్టి ఉంచే క్లాంపు మీదికి దూకినంత పని చేశాడు. యాంటెన్నాను ఊరి టవర్ వైపు తిప్పితే చాలు, రూటర్ దానంతటది అసలు టవర్‌ను వెతుక్కుంటుంది. గాడ్జెట్స్ సెక్షన్ వారి స్పానర్ నట్టు మీద పెట్టాడు. కెమెరా చక్కగా నట్టును ఫొటో తీసింది. నట్టు కదల్లేదు. తిట్టుకుంటూ స్పానర్ విసిరేసి, బెల్టును వదులు చేసి, రెండు కాళ్ళూ స్తంభానికి తన్నిపెట్టి, యాంటెన్నాను కౌగిలించుకుని ఒంటి బరువంతా ఎడమకి వేశాడు. క్లాంపు అంచుకి అరచెయ్యి చీరుకుపోయింది. ఇనుము కిర్రుమంది. ఒక అంగుళం కదిలింది.

ఎర్ర లైటే. ఇంకో తోపు. గేట్ హౌస్‌లో మోటార్లు గుర్రుమని ఊపందుకోవడం వినిపించింది. కింద నుంచి మేడమ్, మొదటి గేటు వణుకుతోందని అరిచింది. ఉడుత కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి తోశాడు. బావ మీద కోపమంతా భుజంలోకి వచ్చింది. క్లాంపు ఒక్కసారిగా తిరిగింది, అతను బెల్టుకి వేలాడిపోయాడు.

వేలాడుతూనే చూశాడు. ఒక పచ్చ లైటు మిణికింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. దాని పక్కన రెండోది. మోటార్లు మూలిగి ఆగిపోయాయి. గేటు కింది సందులోంచి బిందెడు నీళ్ళు చిమ్మి కొండ రాళ్ళ మీద పడ్డాయి, అంతే. లింక్ రాగానే పెద్దాయన కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, బావకి అందని అక్కడి పాస్‌వర్డ్‌తో ఆ ఫైల్‌ను చెరిపించేశాడు.

వ్యాను ఎక్కడికీ పోలేదు. అది కదిలేలోపే మేడమ్ ఎర్ర కారులో వెళ్ళి దాని టైర్లు రెండు పేల్చేసింది. లోపలున్న ముఠా మనుషులిద్దరూ కొండ దిగి పారిపోబోయి పెద్దాయన పంపిన జీపుకే ఎదురుపడ్డారు. ఉడుత దిగి వెళ్ళేసరికి బావ మాత్రం హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని వ్యాను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. టెక్నీషియన్‌ను కాల్చింది తనేనని అడక్కుండానే ఒప్పుకున్నాడు. చీఫ్ కుర్చీ తనకి రావాల్సిందనీ, జీవితమంతా వెనకగదిలో వైర్లు అతికించినా ఎవరూ తన మొహం చూడలేదనీ చెప్పుకొచ్చాడు. ఉడుత అదంతా వినలేదు. కారుతున్న రక్తాన్ని చొక్కాకి తుడుచుకుంటూ ఒక్కటే అడిగాడు.

"ఇంతమంది ఏజెంట్లుండగా నన్నే ఎందుకు పంపావు?"

బావ తలెత్తి, పాఠం చెప్పేటప్పటి నింపాది గొంతుతోనే జవాబిచ్చాడు.

"మిగతావాళ్ళయితే లోడ్ చేసేముందు ఫైల్ తెరిచి చూస్తార్రా. నేనిస్తే నువ్వు చూడవు."

ఉడుతకి కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. ఆ చేతికి తెలిసిన పనులన్నీ ఈయన నేర్పినవే. జీపు వచ్చి బావను ఎక్కించుకుని పోయేదాకా రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని మేడమ్ గమనించింది. తన సిల్కు స్కార్ఫు విప్పి అతని అరచేతికి కట్టింది.

పెద్దాయన ఫోన్‌లో అభినందించాడు. టెక్నికల్ వింగ్ ఇకనుంచి నువ్వే చూసుకోవాలన్నాడు. అక్కకి ఆఫీసు తరఫున ఎవరినైనా పంపి సంగతి చెప్పిస్తానన్నాడు. అక్కర్లేదు, తనే చెబుతానన్నాడు ఉడుత.

పిన్ని ఊరికి రైలు సాయంత్రానికి గానీ చేరదు. ఉడుత ఎర్ర కారులో ముందే స్టేషన్ చేరుకుని ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాడు. అతను ఎన్నో దేశాల్లో ఎన్నో పేర్లతో తిరిగినవాడు. లై డిటెక్టర్ మెషీన్‌నే రెండుసార్లు నమ్మించినవాడు. రైలు ఆగింది. సంచి చంకన పెట్టుకుని దిగిన అక్క తమ్ముణ్ణి చూసి మొహమంతా నవ్వు చేసుకుంది. తర్వాత అతని వెనక ఇంకెవరికోసమో వెతికింది.

"నువ్వొచ్చావేంట్రా? మీ బావ ఏడీ?"

ఉడుత సంచి అందుకుని నోరు తెరిచాడు. అతను కవర్ స్టోరీ లేకుండా దిగిన మిషన్ అదొక్కటే.