జర్నల్‌లో రెండో రూల్

ఉదయం తొమ్మిదింటికి, జనం కిటకిటలాడుతున్న ఎస్కలేటర్ మీద, గొడుగు పట్టుకున్న మనిషి ఒక్కసారిగా ముందుకు తూలిపడ్డాడు. సైలెన్సర్ తుపాకీ కావడంతో చప్పుడు ఎవరికీ వినపడలేదు. అతను గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో రహస్యాలు మోసే కొరియర్. ఆ నెలలో అలా పోయిన మూడోవాడు.

గంట తర్వాత చీఫ్ గదిలో బ్రీఫింగ్ జరిగింది.

"ముగ్గురికీ ఎక్కడ కలవాలో మెయిల్‌లోనే చెప్పాం" అన్నాడు చీఫ్. "అంటే మన మెయిల్ సర్వర్ లీకవుతోంది. దాన్ని చూసుకునే అడ్మినిస్ట్రేటర్లు పన్నెండుమంది. ఒకడు అమ్ముడుపోయాడు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ పోస్ట్‌మాన్ అంటారు. మెయిల్ ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలుతుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అతన్ని ఈ ఉద్యోగంలోకి తెచ్చింది చీఫే. చీఫ్ అతనికి సొంత బావ, అక్క భర్త.

"కొత్త వెర్షన్ మీద మూడు రోజుల ట్రైనింగ్ పెట్టాను. ట్రైనర్‌వి నువ్వే. ఫీచర్లు చెబుతూ ఉండు, ఎవడి మొహం మారుతుందో చూడు."

"సాయం ఎవరు బావా?"

"నెమలి. సర్వర్ కంపెనీ ప్రతినిధిగా వస్తుంది. అటు విదేశీ ముఠా జీతం, ఇటు మన జీతం తీసుకుంటోంది. దాన్ని మాత్రం నమ్మకు. ఏదైనా తేలితే అది చెప్పే కోడ్ మాట 'స్పామ్ ఎక్కువైంది'." చీఫ్ లేచి అతని భుజం తట్టాడు. "జాగ్రత్తరా. నీకేమైనా అయితే మీ అక్క నన్ను బతకనివ్వదు."

పోస్ట్‌మాన్ పెట్టుడు గడ్డం, మందపాటి కళ్లజోడుతో క్లాసులో అడుగుపెట్టాడు. రెండు రోజులు మెయిల్‌బాక్స్ కోటాలు, స్పామ్ ఫిల్టర్లు, బ్యాకప్‌లు వివరించాడు. ఎవరి మొహమూ మారలేదు. నెమలి వెనక వరసలో కూర్చుని నీలిరాళ్ల చెవిపోగు తిప్పుకుంటూ ఉండిపోయింది. ఆమె నవ్వితే అడ్మిన్‌లలో సగంమంది పాస్‌వర్డ్‌లు మర్చిపోయేలా ఉన్నారు.

మూడోరోజు పదకొండున్నరకి జర్నలింగ్ పాఠం మొదలైంది.

"జర్నల్ రూల్ పెడితే వచ్చే పోయే ప్రతి మెయిల్‌కీ ఒక కాపీ మనం చెప్పిన చోటికి వెళ్తుంది. పంపినవాడికీ తెలియదు, అందుకున్నవాడికీ తెలియదు. మీ సర్వర్‌లో ఒకే రూల్ ఉండాలి, ఆడిట్ శాఖ కోసం. తెరిచి చూడండి."

"రెండున్నాయండీ" అంది ముందు వరసలోని పెద్దావిడ. ఇరవై ఏళ్లుగా ఆ సర్వర్‌ని కన్నబిడ్డలా సాకిన సీనియర్ అడ్మిన్ ఆమె. "రెండో రూల్ కాపీలు బయటి అడ్రస్‌కి పోతున్నాయి."

ఆవిడ ఆడిట్ లాగ్ తెరిచి, ఆ రూల్ పెట్టిన అకౌంట్ పేరు పైకి చదివింది.

అది పోస్ట్‌మాన్ అకౌంట్.

అతను గబగబా తన లాప్‌టాప్‌లో లాగిన్ కొట్టాడు. అకౌంట్ నిలిపివేయబడింది అని తెరమీద వచ్చింది. ఐదు నిమిషాల క్రితమే ఎవరో ఆపేశారు.

నెమలి అతని పక్కకి వచ్చి నిలబడింది.

"స్పామ్ ఎక్కువైంది" అంది మెల్లగా. "పన్నెండు దాకా నిన్ను ఈ గదిలోంచి కదలనివ్వకూడదని నాకు ఆర్డర్. ఇచ్చింది మీ బావ. పన్నెండింటికి తొమ్మిదిమంది ఏజెంట్ల పేర్లు, అడ్రసులు ఆయన డైరెక్టర్‌కి మెయిల్ చేస్తాడు. కాపీ ముఠాకి పోతుంది. పన్నెండూ ఐదుకి గార్డులొచ్చి నిన్ను పట్టుకుంటారు."

"నాకెందుకు చెబుతున్నావు?"

"తొమ్మిదో పేరు నాదని పొద్దునే తెలిసింది." ఆమె చెవిపోగు వేలితో తట్టింది. "ఆయన మాటలన్నీ ఇందులో రికార్డయ్యాయి."

లాగ్‌లో ఆ రూల్ పెట్టిన తేదీ చూశాడు పోస్ట్‌మాన్. మేనకోడలి పుట్టినరోజు. ఆ సాయంత్రం బావ, 'నా లాప్‌టాప్ మొరాయిస్తోందిరా, నీదోసారి ఇయ్యి' అంటే లాగిన్ చేసి మరీ చేతికిచ్చాడు. తను వంటింట్లో అక్కతో కబుర్లు చెబుతూ గిన్నెలు తోముతున్నాడు. అవతల గదిలో బావ తన పేరు మీద మనుషుల్ని చంపించే పని చేస్తున్నాడు.

"అమ్మా, పోస్ట్‌మాన్‌ని నేనే. ఆ రూల్ ఆపేయండి. పన్నెండింటికి డైరెక్టర్‌కి ఏజెంట్ల పేర్లతో మెయిల్ వస్తుంది" అన్నాడు కళ్లజోడు తీసి.

"మీరు చెబితే ఆపాలా? లాగ్‌లో ఉంది మీ పేరే కదా!"

"పేరు కాదు, పక్కన ఐపీ అడ్రస్ చూడండి."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. ఆ మొహం పాలిపోయింది. "ఇది చీఫ్ గారి ఇంటి లైను. దగ్గరుండి పెట్టించింది నేనే."

మరో మాట లేకుండా రూల్ ఆపేసింది. టైము పదకొండూ యాభై తొమ్మిది.

"ఆలస్యమైందండీ! డైరెక్టర్‌కి మెయిల్ పన్నెండు కాకముందే వచ్చేసింది. కాపీ బయటికెళ్లే క్యూలో ఉంది. ముందు నాలుగు పెద్ద ఫైళ్లున్నాయి... మూడు..."

"క్యూ సస్పెండ్ చెయ్యండి!"

"లైవ్ సర్వర్ అండీ! దేశమంతా మన మెయిల్ ఆగిపోతుంది!"

"ఆగనివ్వండి!"

రెండు. ఒకటి. ఆవిడ ఎంటర్ కొట్టింది. తెరమీద ఆ కాపీ పక్కన 'సస్పెండెడ్' అని పడింది.

పన్నెండూ ఐదుకి గార్డులు రానే వచ్చారు. నెమలి చెవిపోగులోని గొంతు విని, వచ్చిన కాళ్లతోనే చీఫ్ గదికి వెళ్లారు. పోస్ట్‌మాన్ కూడా వెళ్లాడు. బావ బల్ల వెనక నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"ముగ్గుర్ని చంపించావు. నా మీదకి నెట్టావు. నేనే ఎందుకు బావా?" జన్మలో మొదటిసారి బావని నువ్వు అన్నాడు.

"నువ్వైతే నన్ను అనుమానించవు" అన్నాడు బావ చాలా మామూలుగా. సంకెళ్లు పడుతుంటే మాత్రం గొంతు మారింది. "మీ అక్కకి చెప్పకురా."

ఆ మాటే అతన్ని అన్నిటికంటే లోతుగా కోసింది.

వరండాలోకి రాగానే ఫోన్ మోగింది. అక్క.

"మీ బావ ఫోన్ ఎత్తట్లేదేంట్రా? భోజనానికి ఇద్దరూ వస్తున్నారా లేదా?"

"నేనొస్తున్నానక్కా" అన్నాడు. బావ మాట ఎత్తకుండానే ఫోన్ పెట్టేశాడు.

గడ్డం పీకి జేబులో కుక్కుకుంటూ మెట్లు దిగుతుంటే పెద్దావిడ ఆయాసపడుతూ వెంటపడింది. చేతిలో పన్నెండు కాగితాలు.

"ఈ ట్రైనింగ్ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టి వెళ్లండి సార్. మీ అకౌంట్ పోయింది గానీ, చెయ్యి పని చేస్తోంది కదా?"