ఒకటిన్నర నుంచి మూడు దాకా

"దిగు బాబూ, ఒకటిన్నర అయింది. ఇక మూడు దాకా కదలడానికి వీల్లేదు."

సుమంత్ అప్పుడే పెట్రోల్ కొట్టించి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తాళం తిప్పబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అంకుల్, మనం పొద్దున్నే బయలుదేరాం కదా. మధ్యలో రాహుకాలం వస్తే దోషం లేదంటారుగా?"

"బయలుదేరాం. పెట్రోల్ కోసం ఆగాం. మళ్ళీ కదిలితే అది కొత్త ప్రయాణమే కదా?" అన్నారు ద్వారకానాథ్ గారు. విజయవాడలో స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు రాహుకాలంలో కూడా రైళ్ళకు పచ్చజెండా ఊపిన ఈయనకు ఒక్క వ్యాను దగ్గర ఇంత పట్టింపేమిటో సుమంత్‌కు బోధపడలేదు.

మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి సముద్రం పక్కనుంచి మూడు రోజులుగా ఇదే వరస. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా ఒక చేపల కొట్టు ముందు కూర్చున్నారు. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా పబ్లిక్ టాయిలెట్ల పక్కన. ఈ రోజు గురువారం, ఈడెన్ ఊళ్ళో పెట్రోల్ బంకు. ఇక్కడ జనవరి అంటే నడివేసవి, ఎండ నెత్తి మాడుస్తోంది.

ఈ తిప్పలన్నీ వైశాలి కోసం. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఏడాదిన్నర పాటు అతను ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేశాడు, ఆమె వాటిలో తప్పులు పట్టింది. రెండువేల సంవత్సరం వచ్చింది, ప్రపంచం మునిగిపోలేదు, వాళ్ళిద్దరే పీకల్లోతు మునిగారు. అయినా విజయవాడ నుంచి తనను చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలకు వైశాలి అతన్ని "ఫ్రెండ్, డ్రైవింగ్ బాగా చేస్తాడు" అని పరిచయం చేసింది.

"ముందు నాన్నకి నువ్వు నచ్చాలి. ఆయనతో అస్సలు వాదించకు," అంది.

వాదించలేదు. "మీతో ఒక విషయం మాట్లాడాలి అంకుల్" అని మూడు రోజుల్లో ఐదుసార్లు మొదలుపెట్టాడు. ఐదుసార్లూ ఆయన వాచీ చూసుకుని, "ముఖ్యమైన విషయమా? అయితే ఇప్పుడొద్దు, టైము బాలేదు" అన్నారు. శనివారం సిడ్నీ నుంచి వాళ్ళ ఫ్లైట్. అంటే మిగిలింది రేపొక్కరోజే.

"నువ్వైనా చెప్పొచ్చుగా," అన్నాడు వైశాలితో, వ్యాను నీడలో నిలబడి.

"నేను చెప్తే ఏడుస్తా. నేను ఏడిస్తే అమ్మ ఏడుస్తుంది. అప్పుడు నాన్న అసలు వినరు."

"బాగుంది. నేనేమో ఎండలో వేగాలి!"

"కోపంలో బాగుంటావు తెలుసా?" అని నవ్వి, చేతిలో ఉన్న ఐస్‌క్రీమ్ అతని నోటికి అందించబోయి, తండ్రి ఇటు తిరగడం చూసి తనే తినేసింది. సుమంత్‌కు ఒళ్ళు మండింది. ఆ పెదవుల మీది ఐస్‌క్రీమ్ చూసి, ఆ మంటను ఎక్కువసేపు నిలుపుకోలేకపోయాడు.

చేసేదిలేక బెంచీ మీదున్న ఆయన పంచాంగం తిరగేశాడు. రాహుకాలం పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. పగటిని ఎనిమిది భాగాలు చేసి లెక్కించాలట. ఆరింటికి సూర్యోదయం, ఆరింటికే అస్తమయం అనుకుని వేసిన టైములట ఇవి. పక్కనే పడి ఉన్న ఇక్కడి పేపర్లో సూర్యోదయం ఆరుంబావు, అస్తమయం ఎనిమిదింబావు అని ఉంది. సుమంత్ రెండింటినీ చూశాడు. వైశాలి మాట గుర్తొచ్చి నోరు మూసుకుని, పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సరిగ్గా మూడుకి ద్వారకానాథ్ గారు ముందు సీట్లో కూర్చున్నారు. "ఇక పోనీ బాబూ. గండం గడిచింది."

ఊరు దాటారు. అద్దంలో వైశాలి కళ్ళు 'ఇప్పుడు అడుగు' అంటున్నాయి. సుమంత్ గొంతు సవరించుకునే లోపే ఆయన వెనక్కి తిరిగి భార్యతో అన్నారు: "శేషూ, ఆదివారం గుంటూరు వాళ్ళకి మాట ఇచ్చేద్దాం. కుర్రాడు బ్యాంకులో ఆఫీసరు. జాతకం కూడా కుదిరింది."

వ్యాను రోడ్డు పక్కన గడ్డిలోకి దిగి ఆగింది.

"ఏమైంది బాబూ, టైరా?"

"టైరు కాదంకుల్, నా ఓపిక! మూడు రోజులుగా తప్పు టైములో కూర్చున్నాం మనం. మీ పట్టిక మన దేశం పగటికి. ఇక్కడి పేపర్లో చూడండి, పగలు పద్నాలుగు గంటలు! ఎనిమిదో వంతు గంటా ముప్పావు. ఈ రోజు అసలైన రాహుకాలం మూడింటికి మొదలై నాలుగు నలభై అయిదు దాకా ఉంది. మీరు మంచి టైమంతా బంకులో కూర్చోబెట్టి, గండం మొదలయ్యాక పోనిమ్మన్నారు!"

"సుమంత్!" అంది వైశాలి.

"ఉండు. అంకుల్, మీ అమ్మాయంటే నాకు ప్రాణం. తనకీ నేనంటే ఇష్టం. గుంటూరు వాళ్ళకి మాట ఇవ్వకండి. నాకివ్వండి."

ఒక లారీ పక్కనుంచి దూసుకుపోతే వ్యాను ఊగింది. వైశాలి తల దించుకుంది.

ద్వారకానాథ్ గారు పేపరు అడిగి తీసుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి, రోడ్డు మ్యాపు వెనక లెక్క వేశారు. కొట్టేసి మళ్ళీ వేశారు.

"లెక్క కరెక్టే," అన్నారు చివరికి. "అంటే నిండు రాహుకాలంలో అడిగావన్నమాట."

"అవునంకుల్."

ఆయన కూతురి వంక చూశారు. చాలాసేపు చూశారు. "నిజమేనా అమ్మా?"

"నిజం నాన్నా," అంది వైశాలి. ఏడవలేదు.

ఆయన పెన్ను మూత పెట్టి, సీటు వెనక్కి వాల్చుకున్నారు. "నాలుగు నలభై అయిదు దాకా నేనేం చెప్పను. ఎవరూ నన్ను కదిలించొద్దు." కళ్ళు మూసుకున్నారు.

సుమంత్ వాచీ చూసుకున్నాడు. మూడూ ఇరవై అయిదు. తన లెక్క తన మెడకే చుట్టుకుంది. తల పట్టుకుని కిందికి దిగాడు. వెనకాలే శేషుకుమారి గారు దిగి, పులిహోర డబ్బా అతని చేతిలో పెట్టారు.

"తిను బాబూ. పొద్దున్నించీ సరిగ్గా తిన్లేదు."

"ఎలా తినమంటారు ఆంటీ? ఆయన కాదంటే?"

"పిచ్చివాడా," అన్నారావిడ, గొంతు తగ్గించి. "ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా. వద్దనడానికి ఆయన ఏనాడూ టైము చూడలేదు."